పాత మరపడవ బేరము: మనవారు గమనింపవలసిన మూడు విషయములు

ఏటేటా ఏప్రిల్ 15వ తేది మొదలు జూన్ 14వ తేది వరకు తూర్పు తీరమున మరపడవల వేటకు 61 దినముల విరామము కలదు. గోపాలపురము, పూరీలోని పెంటకోట, యానాము మున్నగు చోట్లనున్న మన తెలుగు కుటుంబములలో పాత పడవ కొనదలచినవారికి ఈ దినములే అనువైనవి. ఒడ్డున నిలిచిన పడవ అడుగు కంటికి కనబడును.

క్రొత్త రంగును చూచి వెల కట్టుట తగదని మా అభిప్రాయము. రంగు బీటను మూయును గాని మాన్పదు.

మొదట చూడవలసినది పడవ ఒడలు. ఫైబరు పడవను చిన్న కొయ్యసుత్తితో అంతటను తట్టి చూడవలెను. గట్టిగా, స్పష్టముగా మ్రోగినచోట పొరలు బాగున్నవి. మందముగా మ్రోగినచోట అవి విడివడి యుండవచ్చును. యంత్రము బిగించు వెనుకపలక దగ్గర బీటలున్నవేమో వెదుకవలెను. కొయ్యపడవయైనచో మేకుల దగ్గర చాకుమొనతో పొడిచి చూడవలెను. మొన మెత్తగా దిగినచో కొయ్య చివికినదన్నమాట.

రెండవది యంత్రము. దానిని చల్లగా నున్నపుడే నడిపింపుమని కోరవలెను. మనము పోవుసరికే వేడిగా నున్నచో కారణ మడుగవలెను. నీలిపొగ విడువక వచ్చినచో కందెననూనె మండుచున్నది. ఆ నూనె పాలవలె తెల్లబారినచో నీరు కలిసినది. తరువాత పడవను నీట దింపించి, బరువుతో ఒక గంట నడిపి చూడవలెను. పడవకు వేరుగా, యంత్రమునకు వేరుగా వెల కట్టి, మరమ్మతు ఖర్చు తీసివేసినదే న్యాయమైన ధర.

మూడవది పత్రములు. మనవారు మోసపోవుటకు ఎక్కువ అవకాశ మున్నది ఇచ్చటనే. ఒడిశాలో పుట్టి పెరిగిన మన పెద్దలు ఒడియా చక్కగా మాటలాడుదురు. కాని మాటలాడుట వేరు, చదువుట వేరు. చదువరాని కాగితముపై వ్రేలిముద్ర వేయరాదు. పడవపైని నమోదు సంఖ్యయు, యంత్రముపైని సంఖ్యయు పత్రములోని వానితో సరిపోవలెను. అమ్మువాడే యజమాని యగునా, బ్యాంకు బాకీ యేమైన మిగిలియున్నదా యని విచారింపవలెను. మత్స్యశాఖ కార్యాలయమున పేరుమార్పు జరుగునంతవరకు పూర్తి పైకము చెల్లింపరాదు.

మేనమామ వరుసవానిని ఇన్ని ప్రశ్న లడుగుట మర్యాదయా యని కొంద రందురు. అడిగినంత మాత్రమున బాంధవ్యము చెడదు. అడుగక కొన్న పడవ నడిసముద్రమున ఆగిననాడు చెడును.

కావున ప్రతి వాడలోను, పని తెలిసిన మేస్త్రీ యొకడును, బడిలో రాష్ట్రభాష నేర్చిన యువకుడో యువతియో ఒకరును కొనువారి వెంట వెళ్లునట్లు మన సంఘశాఖలు ఏర్పాటు చేయవలెను. ఇందుకు నిధు లక్కరలేదు; ఒక పూట శ్రమ చాలును. దానితో ఒక కుటుంబపు కూడబెట్టిన సొమ్మును, అంతకు మించి ప్రాణములును నిలుచును.