అడుగక పెట్టు అన్నము

నాయుడుపేట స్వర్ణముఖీ తీరమందలి పట్టణము. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. చెన్నపట్టణమునుండి నెల్లూరునకు పోవు బాటయు, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోవు బాటయు ఇచ్చట కలియుటచే, బాటసారి ఆకలి యెట్టిదో ఈ యూరికి వేరుగా చెప్పవలసిన పని లేదు.

రంజాను నెలలో సాయంకాలమున మసీదులయందు కాచు గంజి ఈ దక్షిణపు సీమకు పరిచితమే. నూకలు, పెసరపప్పు, అల్లము, వెల్లుల్లి, పుదీనా, కలిగినచో కొంత మాంసము—ఇంతే దాని సామగ్రి. దినమంతయు గ్రుక్కెడు నీరైనను త్రాగనివాడు దానితో ఉపవాసము విడుచును. తన ఆకలి తీరు సమయముననే ఎదుటివాని గిన్నె నింపుట ఈ యాచారమునందలి విశేషము.

ఇస్లాములో జకాతు విధి. నిర్ణీత పరిమితిని మించిన ధనము ఒక చాంద్ర సంవత్సరము తనయొద్ద నిలిచినచో నూటికి రెండున్నర వంతున ఈయవలెను. దానిని పొందదగినవారు ఎనిమిది తెగలని ఖురాను 9వ అధ్యాయము నిర్ణయించినది. పండుగ నమాజునకు పూర్వమీయవలసిన ఫిత్రా మరియొకటి. సదఖా యన్ననో, లెక్కకు లొంగునది కాదు. దానికి కాలనియమము లేదు, మితి లేదు. పుచ్చుకొనువాని మతమడుగవలసిన పనియు లేదు.

76వ అధ్యాయమున పేదకు, అనాథకు, బందీకి అన్నము పెట్టువారి ప్రశంస కలదు. బందీ యెవడు? నిన్నటి యుద్ధమున కత్తిపట్టి యెదురు నిలిచినవాడు. వానికిని పెట్టవలసినది తనకు ప్రియమైన అన్నమే గాని, తినగా మిగిలినది కాదు. కృతజ్ఞతనైనను కోరరాదు. ఇచ్చి యెత్తిపొడుచుట దానమును చెరచునని 2వ అధ్యాయము హెచ్చరించినది. బాహాటముగా నిచ్చుటను తప్పనక, గుప్తముగా నిచ్చుట అంతకంటె మేలన్నది. ఈ సంగతులను తెలుగువారు తమ భాషలోనే చదువుకొనుటకు 1930 నాటికే వీలు కల్పించినవారు అనంతపురము కళాశాలలో బోధించిన చిలుకూరి నారాయణరావుగారు. ఉపాధ్యాయలోకము గర్వింపదగిన విషయమిది.

నెల్లూరు చెరువు గట్టున బారా షహీద్ దర్గాయొద్ద మొహర్రము నెలలో జరుగు రొట్టెల పండుగలో మరియొక చమత్కారము కలదు. కోరిక గలవాడు రొట్టె పుచ్చుకొనును. అది తీరినచో మరుసటియేడు తానే రొట్టె తెచ్చి మరియొకరికిచ్చును. హిందువులు, ముస్లిములు ఆ నీటిలో కలిసి నిలుతురు. దాత యెవరో గ్రహీత యెవరో చూపరి తేల్చుకొనలేడు.

నేడు మతభేదము లేక ప్రబలిన వ్యాధి యొకటున్నది. పొట్లము చేతికందకమునుపే ఛాయాచిత్రము తీయుదురు. బడిలో మధ్యాహ్న భోజనము బాలునకు హక్కు. కావున వాడు తలయెత్తుకొని తినును. ఆ బాలుడే దాత ప్రక్కన పటమునకు నిలువబడి, మరునాడు తోటివారి నడుమ తల వంచుకొనును. దాతలు వచ్చినపుడు ప్రధానోపాధ్యాయులు వినయముగా ఒక్క నిబంధన పెట్టవచ్చును: పిల్లలను పటము తీయరాదు. పేరు కావలెనన్నచో వంటశాల గోడమీద వ్రాయించుకొనవచ్చును.