చవక పిస్టల్‌పై దేశం ముద్ర నాణ్యతకు హామీ అవుతుందా?

మిక్సీ కొనడానికి వెళ్లినా మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇది ఎక్కడ చేశారు?’ జపాన్ అంటే నమ్మకం, చైనా అంటే అనుమానం, జర్మనీ అంటే రేటు ఎక్కువైనా ఫర్వాలేదన్న ధీమా. వంటింటి సామానుకైతే ఈ లెక్క తప్పినా పెద్ద నష్టం లేదు, మహా అయితే మోటారు కాలుతుంది. తుపాకీ విషయంలో లెక్క తప్పితే పోయేది ప్రాణమే.

ఈ ప్రశ్న ఇప్పుడు మన గుమ్మంలోకే వచ్చింది. తమిళనాడు రక్షణ పారిశ్రామిక కారిడార్‌లో చెన్నై, హోసూరు, సేలం, కోయంబత్తూరు, తిరుచ్చి ఉన్నాయి. ఈ ఊళ్లన్నిటిలోనూ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. తిరుచ్చిలో చిన్న ఆయుధాలు చేసే ప్రభుత్వ కర్మాగారం ఎప్పటినుంచో ఉంది. బెంగళూరులో ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ అనే ప్రైవేటు సంస్థ స్నైపర్ రైఫిళ్లు చేస్తోంది. పుణెలోని డీఆర్‌డీఓ ఆయుధ పరిశోధనశాల, సైన్యం కలిసి రూపొందించిన 9 ఎంఎం ‘అస్మి’ తుపాకీని హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ తయారుచేస్తోంది. ఈ రంగం పెరిగేకొద్దీ లేత్ మీద, సీఎన్‌సీ మీద బతికే మన పిల్లల చేతికి ఇలాంటి పని వచ్చే అవకాశమూ పెరుగుతుంది. మరి ‘మేడ్ ఇన్ ఇండియా’ అన్న ముద్ర చూసి కొనేవాడు నమ్మాలా, అనుమానించాలా?

జవాబు కోసం అమెరికా వైపు చూడాలి. పౌరులు పిస్టళ్లు కొనే మార్కెట్లలో అదే పెద్దది. చవక పిస్టళ్ల మంచిచెడ్డలు అక్కడ బయటపడినంతగా ఇంకెక్కడా బయటపడలేదు.

ఒకే గాజు పెట్టెలో అయిదు దేశాలు

అమెరికాలో ఓ మోస్తరు తుపాకుల దుకాణానికి వెళ్తే 300 నుంచి 500 డాలర్ల మధ్య దొరికే పిస్టళ్లు అయిదారు దేశాలవి కనిపిస్తాయి. బ్రెజిల్ నుంచి టారస్, టర్కీ నుంచి కానిక్, గిర్సాన్, టిసాస్, సార్, ఫిలిప్పీన్స్‌లోని మరికినా నుంచి రాక్ ఐలాండ్, క్రొయేషియాలోని కార్లోవాట్స్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ పేరుతో అమ్మే పిస్టళ్లు. వీటికంటే చవగ్గా, 200 డాలర్ల దరిదాపుల్లో, అమెరికాలోని ఒహాయోలోనే తయారయ్యే హై-పాయింట్.

‘సొంత దేశపు సరుకే మేలు’ అన్న మాట నిజమైతే వీటన్నిటిలో హై-పాయింట్ మెరుగ్గా ఉండాలి. దాని స్లైడ్‌ను ఉక్కుతో కాకుండా జింక్ మిశ్రమంతో పోతపోస్తారు. అందుకే బరువెక్కువ, చూడ్డానికి మొరటు. జీవితకాల వారంటీ ఇస్తారు కాబట్టి దానికంటూ కొనేవాళ్లున్నారు. అయితే టర్కీ పిస్టల్ ఉక్కు స్లైడ్‌తో, నున్నటి పనితనంతో కొంచెం ఎక్కువ ధరకే వస్తుంది. ఆ చవకదనానికి అక్కడి కూలి రేట్లు, పడిపోయిన లీరా విలువ ముఖ్య కారణాలు. ధర తగ్గిందంటే పనిలో లోపం ఉండి తీరాలని లేదు.

1968 నాటి చట్టం చెప్పే పాఠం

దేశాన్ని బట్టి నాణ్యతను తేల్చాలని చూస్తే ఏమవుతుందో అమెరికా ఒకసారి అనుభవించింది. 1960లలో జర్మనీ నుంచి వచ్చే నాసిరకం చిన్న తుపాకులు అక్కడ గుట్టలుగా అమ్ముడయ్యేవి. 1968లో తుపాకుల నియంత్రణ చట్టం తెచ్చి, దిగుమతి పిస్టళ్లకు పరిమాణం, భద్రతా ఏర్పాట్లను బట్టి మార్కులు వేసే పద్ధతి పెట్టారు. పిస్టల్‌కు 75 మార్కులు రాకపోతే దేశంలోకి రానివ్వరు. ఇక్కడ కిటుకేమిటంటే, ఈ పరీక్ష దిగుమతి సరుకుకే వర్తిస్తుంది. దేశంలో చేసిన పిస్టల్‌కు అది లేదు.

ఫలితం ఊహించగలిగిందే. 1970 నుంచి దక్షిణ కాలిఫోర్నియాలో రావెన్, జెన్నింగ్స్, బ్రైకో, లార్సిన్ వంటి కంపెనీలు వరసగా పుట్టుకొచ్చి, జింక్ మిశ్రమంతో పోతపోసిన చిన్న పిస్టళ్లను లక్షల్లో వదిలాయి. బయటివాళ్లకు తలుపు మూస్తే లోపలివాళ్లు అంతకంటే నాసిరకం చేసి అమ్మారు. బ్రైకో పిస్టల్‌లోంచి తూటా తీయబోతుండగా అది పేలి ఒక బాలుడికి పక్షవాతం వచ్చింది. ఆ కేసులో 2003లో కోర్టు భారీ పరిహారం విధించడంతో ఆ కంపెనీ దివాలా తీసింది.

మరో విచిత్రం: 1981లో అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులకు వాడిన ఆర్‌జీ-14 రివాల్వర్ విడిభాగాలు జర్మనీవి, బిగించింది మయామీలో. దాన్ని జర్మన్ తుపాకీ అనాలా, అమెరికన్ తుపాకీ అనాలా? దేశం ముద్ర ఎంత పలచనిదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

చివరికి కాలిఫోర్నియా రాష్ట్రమే దారి మార్చుకుంది. 2001 నుంచి అక్కడ అమ్మే కొత్త మోడల్ పిస్టల్ ఏ దేశానిదైనా సరే, ప్రయోగశాలలో 600 తూటాలు కాల్చి చూడాలి, ఎత్తు నుంచి కింద పడేసి పేలకుండా ఉంటుందో లేదో పరీక్షించాలి. పాసైతే జాబితాలో పేరు ఉంటుంది, లేకపోతే లేదు. పుట్టిన ఊరు అడగడం మానేసి పరీక్ష పెట్టారన్నమాట.

టారస్ పడి లేచిన కథ

టారస్ కథ మనకు మరింత దగ్గరిది. ఈ బ్రెజిల్ కంపెనీ 1939లో పుట్టింది. 1980లో సావో పాలోలో ఉన్న ఇటలీ కంపెనీ బెరెట్టా ఫ్యాక్టరీని యంత్రాలతో సహా కొనేసింది. ఇటలీ యంత్రాల మీద, ఇటలీ డిజైన్‌తో బ్రెజిల్ కార్మికులు చేసిన ఆ పిస్టళ్లకు మంచి పేరే వచ్చింది.

అదే కంపెనీ తర్వాత సొంతంగా చేసిన కొన్ని మోడళ్లు కింద పడితే పేలుతున్నాయని 2013లో అమెరికా కోర్టులో కేసు పడింది. తొమ్మిది మోడళ్లు, సుమారు 10 లక్షల పిస్టళ్లు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ, పిస్టళ్లు వెనక్కి తీసుకోవడానికి, పరిహారం ఇవ్వడానికి రాజీపడింది. బ్రెజిల్‌లోనూ పోలీసుల చేతుల్లో ఆ కంపెనీ పిస్టళ్లు వాటంతట అవే పేలాయన్న ఫిర్యాదులొచ్చాయి.

దేశం అదే, కంపెనీ అదే. ఒక మోడల్‌కు మంచి పేరు, ఇంకో మోడల్‌కు కోర్టు కేసు. తేడా ఉన్నది డిజైన్‌లో, తనిఖీలో. ఆ తర్వాత టారస్ కొత్త మోడళ్లు తెచ్చింది, 2019లో అమెరికా ఫ్యాక్టరీని జార్జియా రాష్ట్రానికి మార్చింది. ఇప్పుడు ఒకే మోడల్ పిస్టల్ బ్రెజిల్‌లోనూ తయారవుతోంది, జార్జియాలోనూ తయారవుతోంది. మంచైనా చెడైనా చాలావరకు డిజైన్‌తోనే వస్తుంది కాబట్టి, పక్కనున్న దేశం పేరు మారినంత మాత్రాన కొనేవాడికి ఒరిగేది తక్కువ.

అదే టారస్ మన జిందాల్ సంస్థతో చేతులు కలిపి హర్యానాలోని హిసార్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడి సరుకు మీద ఉండేది భారత్ ముద్రే. కానీ మనం అడగాల్సింది ఏ డిజైన్, ఎవరి తనిఖీ అన్నదే.

ఖరీదు, పేరు కూడా కాపాడలేవు

‘చవక సరుకు కాబట్టి అలా అయింది’ అనుకోవడానికీ లేదు. అమెరికా సైన్యం 2017 జనవరిలో ఎంచుకున్న సిగ్ పీ320 కుటుంబం పిస్టల్‌ను న్యూహాంప్‌షైర్‌లో చేస్తారు. అది చవక రకం కాదు. అదే ఏడాది ఆగస్టులో, పౌరులకు అమ్మిన పీ320 ఒక కోణంలో పడితే పేలుతోందని తేలడంతో కంపెనీ ఉచితంగా భాగాలు మార్చింది. 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్ కూడా క్రొయేషియాలో చేసిన ఎక్స్‌డీ-ఎస్ పిస్టళ్లను, లోడ్ చేసేటప్పుడు అరుదుగానైనా పేలే అవకాశం ఉందంటూ తానే వెనక్కి పిలిచి బాగుచేసి ఇచ్చింది.

లోపం ఎవరికైనా వస్తుంది. వచ్చాక దాచిపెట్టారా, బయటపెట్టి సరిచేశారా అన్నదే కంపెనీ విలువను తేలుస్తుంది.

మరి దేశానికి సంబంధమే లేదా?

ఉంది, కానీ మనం అనుకునే చోట కాదు. మూడు విషయాల్లో దేశం ప్రభావం చూపుతుంది.

మొదటిది పరీక్షా చట్టం. ఆస్ట్రియా, జర్మనీ, ఇటలీ, బెల్జియం, చెక్ వంటి దేశాలు సీఐపీ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నాయి. అక్కడ ప్రతి పిస్టల్‌నూ మామూలు కంటే 30 శాతం ఎక్కువ పీడనం ఇచ్చే తూటాతో కాల్చి చూసి, పగలకపోతేనే ముద్ర వేస్తారు. అది చట్టం, తప్పించుకోవడం కుదరదు. అమెరికాలో ఇలాంటి ప్రమాణాలను 1926లో పుట్టిన పరిశ్రమ సంఘమే రాస్తుంది, పాటించడం కంపెనీల ఇష్టం. వినియోగ వస్తువుల భద్రత చూసే అక్కడి ప్రభుత్వ కమిషన్‌కు తుపాకుల మీద అధికారమే లేదు. బొమ్మ తుపాకీని వెనక్కి రప్పించగలదు, అసలు తుపాకీని రప్పించలేదు.

రెండోది పనివాళ్ల అనుభవం. టర్కీలోని నల్లసముద్రం తీరంలో ట్రాబ్జోన్, గిరెసున్ ప్రాంతాల్లో ఇళ్ల దగ్గర, చిన్న కార్ఖానాల్లో తుపాకులు చేసే అలవాటు పాతది. 1990లలో అక్కడ లైసెన్సు ఫ్యాక్టరీలు వచ్చాయి, 1993లో టిసాస్ అలా మొదలైంది. మనకూ అలాంటి ఊరు ఉంది: బిహార్‌లోని ముంగేర్. 18వ శతాబ్దంలో మీర్ ఖాసిం ఆయుధశాల పెట్టినప్పటినుంచి అక్కడ ఆ విద్య నడుస్తోంది. అయినా ముంగేర్ అంటే ఇవాళ పోలీసులు పట్టుకునే నాటు పిస్టళ్లే గుర్తొస్తాయి. చేతి నైపుణ్యం రెండు చోట్లా ఉంది. ఒకచోట దాన్ని లైసెన్సు, కొలత, పరీక్ష అనే గాడిలో పెట్టారు, రెండోచోట చాలావరకు చాటుకు నెట్టేశారు.

మూడోది పెద్ద కొనుగోలుదారు. సైన్యం, పోలీసులు వేలల్లో కొంటే, వాళ్లు వేల తూటాలు కాల్చి, బురదలో ముంచి, ఎండలో పెట్టి పరీక్షిస్తారు. ఆ క్రమశిక్షణ పౌరులకు అమ్మే సరుకులోకీ కొంత దిగుతుంది. టర్కీ కంపెనీలు మెరుగుపడటంలో సొంత భద్రతా దళాల ఆర్డర్ల పాత్ర ఉంది.

పైన పటారం, లోన లొటారం కాకుండా

లేత్ మీద పనిచేసిన ఎవరికైనా ఇది కొత్త కాదు. పిస్టల్ నాణ్యత నాలుగు చోట్ల తేలుతుంది: ఏ ఉక్కు వాడారు, హీట్ ట్రీట్‌మెంట్ సరిగా జరిగిందా, ప్రతి భాగాన్నీ గేజ్ పెట్టి చూశారా, ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ ముందుకు కదలకుండా అడ్డు ఉందా. మొదటి మూడింట్లో పైకి కనిపించేది ఏదీ లేదు. పైపూత, నునుపు మాత్రమే కంటికి ఆనతాయి. చవక చేయాలనుకున్నవాడు కోత పెట్టేది కంటికి ఆనని చోటే.

అందుకే జాబ్ వర్క్ చేసే చిన్న షెడ్డుకు కూడా ఇందులో బాధ్యత ఉంది. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చిన భాగాన్ని ‘సర్దుకుపోతుందిలే’ అని పెట్టెలో వేస్తే, నీటి పంపులో అయితే చుక్క కారుతుంది. ఇక్కడ అలా సర్దుకోదు.

మన దేశంలో కొనేవాడి పరిస్థితి

మన దగ్గర లైసెన్సుదారుడికి ఎంపిక చాలా తక్కువ. 9 ఎంఎం సామాన్యుడికి నిషిద్ధం, ఎక్కువమందికి దొరికేది .32 బోరే. 1980ల మధ్య నుంచి పౌరుల దిగుమతులు దాదాపు ఆగిపోయాయి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించి కుదరదు. కర్ణాటకలో కొడవలకు ఉన్న లైసెన్సు మినహాయింపు పాత సంప్రదాయం వల్ల వచ్చింది, అది మనలాంటి మిగతావాళ్లకు వర్తించదు.

పోటీ లేని చోట ధరకూ నాణ్యతకూ లంకె ఉండదు. 2014లో ప్రభుత్వ కర్మాగారం తెచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ ధర లక్ష రూపాయలు దాటింది. అంత డబ్బుతో అమెరికాలో మూడు నాలుగు టర్కీ పిస్టళ్లు వస్తాయి. ఇప్పుడు కొంత మార్పు ఉంది. ఆయుధ కర్మాగారాలు 2021 అక్టోబరులో కంపెనీలుగా మారాయి. బ్రిటన్ పేరున్న వెబ్లీ అండ్ స్కాట్ ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయిలో రివాల్వర్లు చేస్తోంది. 2023లో కాన్పూర్ నుంచి ‘ప్రబల్’ వచ్చింది. బ్రిటిష్ పేరు ఉన్నంత మాత్రాన హర్దోయి సరుకును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, కాన్పూర్‌ది అని చిన్నచూపు చూడనక్కర్లేదు.

చేయాల్సింది వేరే ఉంది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి లోపానికి తయారీదారు బాధ్యత వహించాలన్న అధ్యాయం ఉంది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది. పౌరులకు అమ్మే ప్రతి మోడల్‌కూ కాల్పుల పరీక్ష, పడేసి చూసే పరీక్ష ఫలితాలను బహిరంగంగా ప్రకటించాలని మనం అడగాలి. లోపం బయటపడితే ఏ వరస నంబర్ల వాళ్లు తిరిగి ఇవ్వాలో పత్రికల్లో వేయాలి.

ఇందులో నష్టపోయే స్థానంలో రెండు వైపులా మనవాళ్లే ఉంటారు. పొలం దగ్గరో మిల్లు దగ్గరో రక్షణ కోసం లైసెన్సు తీసుకున్న కుటుంబం ఒకవైపు. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో రోజంతా నిలబడే సెక్యూరిటీ గార్డు, ఆ భాగాలు చేసే హోసూరు, కోయంబత్తూరు షెడ్లలో పనివాడు ఇంకోవైపు. అందరికీ కావాల్సింది ఒకటే: తుపాకీ తాను కాల్చమన్నప్పుడే కాలాలి, వద్దన్నప్పుడు ఊరుకోవాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా ‘ఇది టర్కీదా, బ్రెజిల్‌దా, మనదా?’ అని అడిగితే, ఆ ప్రశ్న పక్కన ఇంకో రెండు చేర్చండి. ‘దీన్ని ఎవరు పరీక్షించారు? లోపం వస్తే ఎవరు వెనక్కి తీసుకుంటారు?’ ఈ రెంటికీ కాగితం మీద జవాబు దొరికితే, బ్యారెల్ మీద ఏ దేశం పేరున్నా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.