పెల్లుబికిందా? పేలిందా?

'ఒక్కసారిగా పెల్లుబికిన ఆగ్రహం.' జనం ఎక్కడ రోడ్డెక్కినా పత్రికలకు దొరికే అచ్చుమాట ఇదే. దీని వెనుక కుట్ర ఉన్నా లేకున్నా, బద్ధకం మాత్రం ఉన్నది. ఆ బద్ధకం ఎవరికి లాభమో చూడాలె.

పెల్లు అంటే అధికం. ఉబకడం అంటే లోపలి నుంచి పైకి రావడం. మంజీరా ఇసుకలో చెలిమె తోడినోళ్లను అడగండి, నీళ్లు పైనుంచి పడవు, అడుగు నుంచి ఊరుతయి. మద్దికుంట బుగ్గ రామలింగేశ్వరుని దగ్గరికి పోయినోళ్లకు బుగ్గ అంటే ఏందో చెప్పే పని లేదు. పేలడానికి బయటి నిప్పు కావాలె. ఉబకడానికి లోపలి ఊట చాలు. మరి 'ఎవరో రెచ్చగొడితే పెల్లుబికింది' అనేటోళ్లకు తెలుగు వచ్చినట్టా, రానట్టా?

2009లో ఇదే అన్నరు. నవంబర్ 29న మొదలైన దీక్షతోనే తెలంగాణ 'ఒక్కసారిగా' లేచిందట! మరి 1952 ముల్కీ ఉద్యమం ఏమైంది? 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969లో నేలకొరిగిన విద్యార్థులు, 1985 నాటి 610 జీవో ఎటుపోయినయి? అమలుకాని ఒక్కో కాగితం భూమిలోకి ఇంకిన ఒక్కో వాన. ఉత్త ఆవేశమే అయితే నెలలోపే చల్లారాలె. 2010 జూలైలో ఎల్లారెడ్డి, 2012 మార్చిలో కామారెడ్డి ఉప ఎన్నికల్లో ఓటుతో జవాబు చెప్పినయి. గడ్డిమంట అన్నేండ్లు మండుతదా?

రాష్ట్రం వచ్చినంక కూడా ఈ రోగం కుదరలేదు. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదా పచ్చటి పొలాలను పరిశ్రమల జోన్‌లో చూపింది. 2023 జనవరిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నడు. రైతులు కలెక్టరేట్ ముందుకు వస్తే మళ్లా అదే 'ఒక్కసారిగా'! వాళ్లు అంతకు ముందు నుంచే మొత్తుకుంటున్నరు. వినాల్సినోళ్లే వినలేదు. జనవరి 20న పురపాలక సంఘమే ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేయాల్సి వచ్చింది. కారణం లేని కోపానికి తీర్మానాలు జరుగుతయా?

'ఒక్కసారిగా' అంటే కారణం వెతికే పని తప్పుతది, పోలీసులను పంపితే సరిపోతది. 'పెల్లుబికింది' అని నిజంగా అంటే మాత్రం ఊట ఎక్కడిదో తవ్వి చూడాలె. పాలకులకు మొదటిదే సుఖం.

విద్యార్థులారా, ఉద్యోగులారా! మన మాటను మన మీదికే రాయిలా విసిరితే ఊరుకోవద్దు. పెల్లుబికిందనే రాయండి. ముందున్న 'ఒక్కసారిగా'ను కొట్టేసి, ఆ జాగాలో 'ఇన్నేండ్లకు' అని రాయండి.