పాట కావాలి, పాట చదువు వద్దా?

మా కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం అయిదు దాటితే ఏ ఫ్లోర్‌లో చూసినా సరళీ స్వరాలే. సంగీతం టీచర్‌గారు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి పరుగులు పెడుతుంటారు. దసరా బొమ్మల కొలువు పేరంటంలో మన పిల్ల పాడకపోతే మనకే చిన్నతనం. శిల్పారామంలో ప్రోగ్రాం అంటే పట్టు పరికిణీ, పూలజడ, ముందు వరసలో ఫోన్ పట్టుకుని మనం!

అదే పిల్ల ఇంటర్ అయ్యాక "అమ్మా, డిగ్రీ సంగీతంలో చేస్తాను" అంటే?

మా ఇంట్లో ఈమధ్యే ఆ మాట వచ్చింది. "పాట ఎక్కడికి పోతుందే, హాబీగా ఉంచుకో" అన్నాం అందరం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నేను బీఏ తెలుగు అన్నప్పుడు మా నాన్నగారు అన్నదీ ఇదే మరి. "తెలుగు ఎక్కడికి పోతుంది, ఇంట్లో చదువుకో."

హాబీ అనడం తేలిక. వర్ణం మూడు కాలాల్లో నిలబడాలన్నా, సొంతంగా నాలుగు ఆవర్తాలు స్వరకల్పన చెయ్యాలన్నా రోజూ గంటలకొద్దీ సాధన కావాలి. ఎప్‌సెట్ కోచింగ్ మొదలైన రోజున మనం మొదట మాన్పించేది సంగీతం క్లాసే. ఎక్కడికీ పోదన్న పాట అక్కడే పోతుంది.

సంగీతానికి కాలేజీ ఏమిటి అనేవాళ్ళకి ఒక మాట. విజయనగరంలో రాజావారు సంగీత కళాశాల పెట్టింది 1919లో. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని, ఆయన విద్వత్తు చూసి, వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారని చెబుతారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన ఘంటసాల మధుకరం ఎత్తుకుని తింటూ అక్కడే చదువుకున్నారు. సుశీలగారు చదివిందీ అక్కడే. వాళ్ళ పాటలు పెట్టుకుని వంట చేసుకుంటాం. ఆ చదువు మాత్రం మన పిల్లకి వద్దంటాం!

"అందరూ సుశీలలు అవుతారా?" అవ్వరు. బీటెక్ చదివినవాళ్ళందరూ కంపెనీలు పెడుతున్నారా? సంగీతం చదివిన పిల్ల స్కూల్లో పాఠం చెప్పొచ్చు, రికార్డింగ్ పనిలోకి వెళ్ళొచ్చు, పరిశోధన చెయ్యొచ్చు. జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు. అది దాచక్కర్లేదు, పిల్లకి ముందే చెప్పాలి.

ఫీజు భయం మాత్రం నిజమైన భయమే. ఈమధ్య వచ్చిన లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లో కొన్నిచోట్ల సంగీతంతో పాటు ఎకనామిక్సో సైకాలజీయో చదవొచ్చు. బాగుంది, కానీ ఫీజులు లక్షల్లో. అప్పు చేసి అక్కడే చేర్చమని నేను చెప్పను. చెన్నైలో 1914లో ఆడపిల్లల కోసం పెట్టిన క్వీన్ మేరీస్ కాలేజీ ఉంది, ప్రభుత్వానిదే, అందులో సంగీతంలో బీఏ ఉంది. దారి ఒక్కటే కాదు, వెతకాలి. ఇంజనీరింగ్ కాలేజీల కోసం పుస్తకంలో పట్టికలు గీసుకుంటాం కదా, ఇంకో పేజీ దీనికీ గీయలేమా?

ఇక అసలు దెబ్బ. "నువ్వు బీఏ చదివి ఏం చేశావు, వంటింట్లోనేగా ఉన్నావు" అన్నారు మా ఇంట్లో. ఉన్నాను. మా బ్లాకులో బీటెక్ చదివి వంటింట్లో ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చదువు దండగ అని ఒక్కరూ అనరు, నాది మాత్రం దండగ! అంటే లెక్క ఉద్యోగం గురించి కాదు. పెళ్ళిచూపుల్లో ఏ డిగ్రీ పేరు చెప్పుకోవడానికి బాగుంటుందన్నదే లెక్క. పాట కూడా ఆ పెళ్ళిచూపుల దాకానే, ఒక నగలాగా.

మా అమ్మాయికి ఇంకా అవునని చెప్పలేదు, ఆయనతో మాట్లాడాలి. కానీ "హాబీగా ఉంచుకో" అన్న మాట మాత్రం నిన్న దాని ముందు వెనక్కి తీసుకున్నాను. మీ ఇంట్లోనూ ఎవరైనా ఆ మాట అని ఉంటే, మీరూ తీసుకోండి.