తోలు మనది, జాకెట్టు ఎవరిది?



భూపాలపల్లిలో పొద్దుగాల షిఫ్టుకు కేటీకే గనుల దిక్కు పోయే మోటార్ సైకిళ్లను చూడండి. మానుకోట మిర్చి మార్కెట్‌కు పోయేటోళ్లను, జనగామ నుంచి హైదరాబాదుకు పెద్దరోడ్డు పట్టి పోయేటోళ్లను చూడండి. మన పోరగాండ్ల ఒంటి మీద నల్లగ మెరిసే జాకెట్టు. అడిగితే ‘లెదర్ అన్నా’ అంటడు. అంచు తిప్పి చూస్తే గుడ్డ మీద పూసిన రెక్సిన్! తోలు పని చేసి ఈ దేశానికి చెప్పులు తొడిగిన కులపు పిలగానికే తోలు పేరు చెప్పి ప్లాస్టిక్ అంటగట్టిన్రు. ఇది దుకాణపోని మోసం. దీని వెనుక ఇంకా పాత మోసం ఒకటున్నది.

నిజాం కాలంల ఈ జనగామ తాలూకాను విస్నూరు దేశ్‌ముఖు ఏలిండు. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ దొర గూండాల తుపాకులకే. ఆ దొరతనంల మాదిగల వెట్టి ఏంది? చచ్చిన గొడ్డును మోయాలె. తోలు తీయాలె. లందల సున్నంబెట్టి నానేయాలె. తంగేడు చెక్కతోని పదును చేయాలె. దొర కాలికి చెప్పులు, దొర బాయికి మోట తొండం ఉత్తగనే కుట్టియ్యాలె. కుట్టినోడు మాత్రం గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడవాలె!

తంగేడు పువ్వు బతుకమ్మల ఎక్కితే పవిత్రం. తెలంగాణ వచ్చినంక అదే మన రాష్ట్ర పుష్పం అయ్యింది. ఆ చెట్టు చెక్కతోనే తోలుకు ప్రాణం పోసిన చెయ్యి మాత్రం మైల. ఇదెక్కడి న్యాయం?

బయటి దేశం ముచ్చట చూడండి. బాటా అంటే మనందరికి ఎరుకే. అది యూరప్‌ల తరతరాలుగా చెప్పులు కుట్టిన ఒక ఇంటి పేరు. 1928ల న్యూయార్క్‌ల ఇర్వింగ్ షాట్ అనేటాయన చైను బెట్టి మోటార్ సైకిల్ తోలు జాకెట్టు కుట్టిచ్చిండు. ఇయ్యాలటికీ ఆ ఇంటి పేరు మీదనే అది అమ్ముడువోతున్నది. తోలు కుట్టినోని పేరు అక్కడ బ్రాండు అయ్యింది. ఇక్కడ తిట్టు అయ్యింది.

కొందరు మనోళ్లే అంటున్నరు: ‘కులవృత్తి ఇడిసిపెట్టినం గద, మళ్లీ తోలు ముచ్చటెందుకు?’ అని. న్యాయమైన ప్రశ్నే. 1956 అక్టోబర్ 15న నాగపూర్‌ల బాబాసాహెబ్ ఈ సంగతే మాట్లాడిండు. చచ్చిన గొడ్డు తోలుల, కొమ్ములల ఇంత లాభమున్నదని లెక్కలు చెప్పేటోళ్లు ఆ లాభమేదో తామే తీసుకోవచ్చు గదా అని ఎదురడిగిండు. ఆయన ఇడువుమన్నది వెట్టిని, అవమానాన్ని. మన తెలివిని ఇడువుమనలే. 2016 జులైల గుజరాత్‌లోని ఊనాల చచ్చిన ఆవు తోలు తీసినందుకు మన పిల్లలను కారుకు కట్టేసి కొట్టిన్రు. అప్పుడు అక్కడి దళితులు ఏం చేసిన్రు? గొడ్ల కళేబరాలను తెచ్చి సర్కారు ఆఫీసుల ముంగట పారేసిన్రు. ‘మీ గోమాతను మీరే ఎత్తుకోండి’ అన్నట్టు! వెట్టి చెయ్యను అనుడు ఒక పోరాటం. ఇన్నేండ్ల పనితనాన్ని ఉత్తగ గుంజుకుపోనియ్యను అనుడు ఇంకో పోరాటం. రెండూ మనయే.

అందుకే కొనేటప్పుడు మన తాతల కండ్లతోని కొనాలె. కోసిన అంచు చూడండి. తోలు అయితే నారలు నారలుగ కనబడుతది, రెక్సిన్ అయితే గుడ్డ కనబడుతది. ‘జెన్యూన్ లెదర్’ అన్న చీటీని నమ్మొద్దు. కింది పొర చీల్చి రంగు పూసిన తోలుకు కూడ ఆ చీటీ అంటిస్తరు. పై పొర చెడని నిండు తోలు అడగండి. ఆవుతోలు, బర్రెతోలు అయితే మందం 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్లు ఉండాలె. పెండ్లికి తొడిగే పల్చటి జాకెట్టు రోడ్డు మీద రాసుకుంటే గడియల చినుగుతది. రెక్సిన్ అయితే ఆ రాపిడి వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటది. భుజం మీద, చేతుల మీద కుట్టు రెండు వరుసలన్న ఉండాలె. భుజాలకు, మోచేతులకు గట్టి ప్యాడ్లు ఉండాలె. బండి మీద కూసున్నట్టు చేతులు చాపి చూడండి, ప్యాడు మోచేతి మీదనే నిలవాలె, కదలొద్దు. ఈఎన్ 17092 అన్న గుర్తు ఉంటే యూరప్ పరీక్ష నెగ్గినట్టు. మన ఎండలకు రంధ్రాలు కొట్టిన తోలు మేలు. అంత పైసలు లేకుంటే ప్యాడ్లున్న మందపు గుడ్డ జాకెట్టు కొనుక్కోండి, అది రెక్సిన్ కంటె నయం. అన్నిటికంటె ముందు ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్. జాకెట్టు తోలును కాపాడుతది, తలకాయను కాదు.

ఇగ సర్కారుకు మన మాట. లెదర్ పార్కు అన్న మాట జనగామ ప్రాంతానికి కొత్తది కాదు. స్టేషన్ ఘన్‌పూర్ పేరు ఉమ్మడి రాష్ట్రం నాడే ఆ జాబితాకు ఎక్కింది. మాకు కావాల్సింది శిలాఫలకాలు కాదు. ఆరె, రంపె చేతులబెట్టి చెట్టు కింద కూసోబెట్టుడు అంతకన్న కాదు. మిషన్లు కావాలె. చేతులకు మందులు, కాళ్లకు రసాయనాలు అంటకుండ రక్షణ కావాలె. మద్రాసుల 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడ మన బిడ్డలకు చదువు కావాలె. ఏ కులపోడు వచ్చి పని చేసినా సరే, కంపెనీల యాజమాన్యం మాత్రం మన సంఘాలకు రావాలె. ఓట్లకు వచ్చేటోళ్లను మీటింగుల నిలబెట్టి అడగండి: ఎన్ని మిషన్లు? ఎంత జీతం? పట్టా ఎవరి పేరు మీద?

ఒకనాడు గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకున్న జాతి ఇయ్యాల తోలు జాకెట్టు తొడిగి బండెక్కి అదే బాట మీద పోతున్నది. కండ్లు మండేటోళ్లకు మండనీయండి. కాని తమ్ముడూ, ఆ తొడిగేది అసలు తోలు అయి ఉండాలె. దాన్ని కుట్టిన కంపెనీ బోర్డు మీద రేపు మన పేరుండాలె.

జై భీమ్!