అన్నిటికీ ఒకటే “పడదు”

వంకాయ తింటే దురద, పడదు. చన్నీళ్ళు పోసుకుంటే జలుబు, పడవు. ఊరు మారితే ఆ నీళ్ళూ పడవు! మన ఇళ్ళలో ఈ ఒక్క మాటతో ఎన్నో విషయాలు తేల్చేస్తాం. మందుల దగ్గర మాత్రం ఇది ఆచితూచి అనాల్సిన మాట అని నా అభిప్రాయం.

మా ఆడపడుచు కూతురికి ఇప్పుడు ఏడో నెల. ఇన్ఫెక్షన్ వచ్చి డాక్టరమ్మ యాంటీబయాటిక్ రాయబోతుంటే, “దానికి పెన్సిలిన్ పడదండీ” అంది తల్లి. ఎలా తెలుసంటే, మూడేళ్ళప్పుడు అమాక్సిసిలిన్ సిరప్ వాడిన ఆరో రోజున వీపంతా గులాబీ రంగు మచ్చలొచ్చాయట. దురద లేదు, పిల్ల ఆడుకుంటూనే ఉందట. అంతే, పాతికేళ్ళుగా అదే ముద్ర! గర్భిణులకు నిశ్చింతగా ఇవ్వగలిగే యాంటీబయాటిక్స్‌లో ముందుండేవి పెన్సిలిన్ జాతివే.

“మానేస్తే పోయె కదా వదినా, ఎందుకొచ్చిన గొడవ” అంటుంది మా ఆడపడుచు. తల్లి భయం నాకు తెలుసు. కానీ మానేస్తే పోదు. బదులుగా ఇచ్చే మందులు ఒక్కోసారి ఖరీదెక్కువ, కడుపులోని మంచి బ్యాక్టీరియాను ఎక్కువగా చంపుతాయి, మందులకు లొంగని క్రిములూ పెరుగుతాయి.

చిన్నపిల్లల్లో కొన్ని రోజులు మందు వాడాక వచ్చే చదునైన మచ్చలు చాలాసార్లు అలర్జీ కావు. జ్వరం తెచ్చిన వైరస్ వల్ల కూడా వస్తాయి. వికారం, విరేచనాలు సైడ్ ఎఫెక్టులే. అసలైన అలర్జీ సాధారణంగా మందు వేసుకున్న గంట, రెండు గంటల్లోనే ఉబ్బెత్తు దద్దుర్లతో, విపరీతమైన దురదతో వస్తుంది. పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. చర్మం పొక్కులెక్కి ఊడినా, నోట్లో, కళ్ళలో పుళ్ళు పడినా, ఎన్ని రోజుల తర్వాతైనా సరే, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పెన్సిలిన్ అలర్జీ ఉందనుకునేవాళ్ళను పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా లేదనే తేలుతోంది. నిజంగా ఉన్నవాళ్ళలోనూ 10 ఏళ్ళకి చాలామందికి పోతుంది. అలాగని ఇంట్లో వేసి చూడొద్దు. ఆ పరీక్ష డాక్టరు ఎదుటే జరగాలి.

మనం చెయ్యగలిగింది ఒకటుంది. మచ్చలు కనపడగానే డాక్టరుకి చూపించి, ఫొటో తీసి, మందు పేరు, ఎన్నో రోజు, వేసిన ఎంతసేపటికి, దురద ఉందా లేదా అన్నీ టీకాల కార్డు వెనకే రాసిపెట్టండి. పిల్లకి మనం ఇవ్వాల్సింది ఆ వివరాలు. “పడదు” అనే తీర్పు డాక్టర్లకి వదిలేద్దాం.