తలుపు తట్టేదెవరు?

'మొగుడు కొడుతుంటే పోలీసులకి చెప్పొచ్చుగా?' ఆస్ట్రేలియా ఆదివాసీ స్త్రీల గురించి నేనూ ఇలాగే అనుకున్నాను. దాదాపు 1910 నుంచి 1970 దాకా వాళ్ల పిల్లల్ని ప్రభుత్వమే లాక్కుపోయిందని తెలిశాక నోరు మూతపడింది. 2008లో ప్రధాని కెవిన్ రడ్ క్షమాపణ చెప్పారు. భయం మాత్రం పోలేదు. పోలీసుల వెనకే సంక్షేమశాఖ వాళ్లొచ్చి పిల్లల్ని తీసుకుపోతారేమోనని దెబ్బలు దిగమింగే తల్లులు ఇప్పటికీ ఉన్నారు.

అందుకే తమవాళ్లే నడిపే సాయం కావాలి. భూమి హక్కుల చర్చల్లో తమ మాట చెల్లడం లేదని మధ్య ఆస్ట్రేలియా ఎడారి స్త్రీలు 1980లో ఎన్.పి.వై. మహిళా మండలి పెట్టుకున్నారు. గృహహింస బాధితుల కోసం 1994లో ప్రత్యేక విభాగం తెరిచారు. కోర్టు పనులకీ, సురక్షితమైన చోటు చేరడానికీ తోడుంటారు.

ఆదుకునే చెయ్యే బిడ్డని లాక్కుంటుందనుకుంటే ఏ తల్లి గడప దాటుతుంది? చట్టం ఉంటే చాలదు, నమ్మకమూ కావాలి. కాదంటారా?